బోణీ పాట

సంగీతం నేర్పిస్తే పిల్లలకి ఏం ఒరుగుతుందండీ అని నన్ను అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కొట్టు మూసేసి అరుగు మీద కూర్చున్న ముసలివాణ్ణి, తీరిగ్గా జవాబు చెబుతాననుకుంటారు. ఆ ప్రశ్న వింటేనే నాకు నీరసం వస్తుంది. ఏలూరులో దాన్ని నా అంత సిగ్గు లేకుండా అడిగినవాడు ఇంకొకడు ఉండడు. నెలకి ఎన్ని పాటలు వస్తాయి, వాటి మీద కొసరు ఎన్ని, మధ్యలో మాన్పిస్తే ఎలా అని గీసి గీసి బేరమాడి మరీ అడిగాను. జవాబు దొరకడానికి రెండేళ్ళు పట్టింది. ఆ జవాబు కూడా ఎవరికీ అమ్మలేనిది.

తాడేపల్లిగూడెంలో మా నాన్నగారిది ఇత్తడి సామాను కొట్టు. నడక రాకముందు నన్ను గంగాళంలో కూర్చోబెట్టి బేరాలు చూసుకునేవారట. మా ఇంట్లో పిల్లలు మారాం చేసినా బేరం పద్ధతిలోనే చేసేవాళ్ళు: రెండు జంతికలు అడిగితే ఒకటి వస్తుందని తెలుసు కాబట్టి నాలుగు అడిగేవాళ్ళం. నాకు చదువు అంతంత మాత్రంగా వచ్చింది గానీ బిందె మోగించడం మాత్రం బాగా వచ్చింది. బిందెని అయిదు వేళ్ళ కొసల మీద నిలబెట్టి, రెండో చేతి మెటికతో కొడితే ఖంగుమంటుంది. అదే బిందెని అరచేత్తో ఒడిసి పట్టుకుని కొడితే, ఎంత మంచి సరుకైనా గొంతు పడిపోతుంది. మేం కొనేటప్పుడు ఒడిసి పట్టి కొట్టేవాళ్ళం, అమ్మేటప్పుడు వేళ్ళ మీద నిలబెట్టి కొట్టేవాళ్ళం. మా కుటుంబం చేసిన సంగీత సాధన అంతా అదే.

పెళ్ళయ్యాక ఏలూరు వచ్చి సొంతంగా కొట్టు పెట్టుకున్నాను. ముందు కొట్టు, వెనక ఇల్లు. మాకు ఒక్కతే అమ్మాయి. పందొమ్మిదివందల యాభై అయిదు ప్రాంతానికి దానికి ఏడేళ్ళు. మా కొట్టుకి వేరే బోర్డు అక్కర్లేదు, దాని గొంతే బోర్డు అనేవారు బజారులో. దారిన పోయేవాళ్ళని, "ఏవండీ పిన్నిగారూ, బిందెలు చూసి వెళ్ళండి, కొనకపోయినా ఫర్వాలేదండీ!" అని పిలిచేది. కొనకపోయినా ఫర్వాలేదన్న మాట నేను నేర్పింది కాదు. అది వినగానే నాకు గుండె ఆగేది.

ఆ ఏడు కొల్లేటి లంకలో ఒక జాతరకి సరుకు వేసుకుని బయల్దేరాను. జాతర కదా అని భార్యా, పిల్లా కూడా వచ్చారు. రేవులో దోనె ఒక్కటే ఉంది. పడవవాడు నా మూటలు చూశాడు, మమ్మల్ని చూశాడు.

"రెండు మోతలవుద్దండి శెట్టిగారూ. ముందు మిమ్మల్ని దింపొచ్చి, మళ్ళీ మూటలేసుకెళ్తానండి."

"నువ్వు మళ్ళీ వచ్చి వెళ్ళేసరికి జాతర అయిపోయి కాకులు మిగులుతాయి. నేను కాకులకి అమ్ముకోవాలి బిందెలు. ఒకటే మోత."

"గాలి తిరిగిందండీ."

"తిరిగితే తిరగనీ. అది మనల్ని అటే తోస్తుంది, నీకు గెడ వేసే పని తగ్గుతుంది."

"ఏవండీ, మూటలు తర్వాత రానివ్వండి," అంది మా ఆవిడ.

"ఆయ్, మీ ఇష్టం గానీ..." అని నసిగాడు పడవవాడు.

మీ ఇష్టం గానీ అన్నవాడు బేరంలో ఓడిపోయినట్టే. నాకు తెలిసిన మొట్టమొదటి పాఠం అది. తొయ్యమన్నాను.

కిక్కిస గడ్డి దుబ్బులు దాటి బయటి నీళ్ళలోకి వచ్చాక గాలి పక్కనుంచి కొట్టింది. మూటలు ఒక పక్కకి జరిగాయి. దోనె వాటితో పాటే జరిగి, బోర్లా పడింది. కొల్లేటిలో అక్కడ నీళ్ళు నా ఛాతీ దాకానే. మునిగి చచ్చేంత లోతేం కాదు, ఏడేళ్ళ పిల్లకి తప్ప. అది దోనె కింద ఉండిపోయింది. పడవవాడు గెడ వదిలేసి, మునిగి, దాని చెయ్యి దొరకబుచ్చుకుని పైకి లాగాడు. ఎంతసేపు అంటే చెప్పలేను. ఇప్పటికీ అవలేదనిపిస్తుంది ఒక్కోసారి.

ఆ సేపట్లో నేనేం చేస్తున్నానో అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ ముందే చెప్పేయడం మంచిది, దాచిపెట్టి చివర్లో తీసి చూపించడానికి ఇదేం పట్టుచీర కాదు. దోనె ఒరిగినప్పుడు నాకు ఒక పక్క పిల్ల, ఒక పక్క మూట. నా చెయ్యి ముందు మూట మీదికి పోయింది. ఆలోచించి చేసింది కాదు. ఆలోచించి ఉంటే పిల్లనే పట్టుకునేవాణ్ణి అని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్నకొద్దీ అరిగిపోయింది ఆ మాట.

సరుకంతా దొరికింది. లంకవాళ్ళు మునిగి మునిగి ఒక్కొక్కటే తీసి ఇచ్చారు. ఒక బిందెకి మాత్రం సొట్టపడి, సన్నగా చీలిక వచ్చింది. తిరిగి రానిది పిల్ల గొంతు ఒక్కటే.

జడుసుకుంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది అన్నారు. తాయెత్తు కట్టించాం. దిష్టి తీయించాం. విభూతి పెట్టించాం. నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి. తల్లి చెవిలో గుసగుసగా ఒక మాట, అదీ ఆకలేస్తేనో, దాహమేస్తేనో. మిగతావాళ్ళకి తల ఊపడమే. తలకి నీళ్ళు పోయబోతే కొయ్యలా బిగుసుకుపోయేది. అన్నిటికన్నా విచిత్రం, ఏడిచేది కాదు. కిందపడి మోకాలు చెక్కుకుపోయినా నోరు బిగించుకుని రక్తం వంక చూసేది. డాక్టరుగారు టార్చిలైటు వేసి చూసి, "గొంతు బంగారంలా ఉందండీ," అన్నారు. బంగారంలా ఉంటే ఏం లాభం, ఇత్తడిలా ఉన్నా మోగేది అనుకుంటూ ఇంటికొచ్చాను.

అది కొట్లో ఒక మూల కూర్చుని చింతపండుతో చెంబులు తోముతూ ఉండేది. పిలుపులు లేని కొట్టు నాకు ఎవరిదో పరాయి కొట్టులా ఉండేది.

అలాంటి రోజుల్లో ఒక పంతులమ్మగారు బిందె కొనడానికి వచ్చారు. మిషన్ బళ్ళో చిన్న పిల్లలకి చెబుతారని, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయిస్తారని తర్వాత తెలిసింది. నడివయసు మనిషి, తెల్ల నూలు చీర, నల్ల గొడుగు. బేరం చేయడం రాని మొహంలా కనబడింది. నేను సంతోషించి, కొల్లేట్లో సొట్టపడ్డ బిందెని తీశాను. సొట్ట సరిచేయించి, చీలిక మీద మాటు వేయించి, తళతళా తోమించి ఉంచాను. వేళ్ళ కొసల మీద నిలబెట్టి, మాటు లేని వైపు చూసుకుని, మెటికతో ఒక్కటిచ్చాను. మోగింది. బాగానే మోగింది.

ఆవిడ డబ్బు తీయబోతూ నా భుజం మీదుగా వెనక్కి చూశారు. నేనూ తిరిగి చూశాను. మా అమ్మాయి చెంబు ఒళ్ళో పెట్టుకుని, వద్దని తల అడ్డంగా ఊపుతోంది.

"శెట్టిగారూ, మీకు ఇంట్లోనే పోటీ కొట్టు ఉన్నట్టుందండీ," అన్నారావిడ.

"చిన్నపిల్లండీ, దానికేం తెలుసు."

"ఏమ్మా, ఏమయింది దీనికి?"

పిల్ల లేచి వచ్చింది. మాటు వేసిన బిందెని మెటికతో కొట్టింది. పక్కనున్న మంచి బిందెని కొట్టింది. పంతులమ్మగారి మొహంలోకి చూసింది. ఆవిడ రెండో బిందె ఎలా మోగిందో అలాగే గొంతులో "ఊఁ" అన్నారు. పిల్ల ఇంకో బిందెని కొట్టింది. ఆవిడ దాన్నీ అన్నారు. చెంబు, మరచెంబు, తపేలా. నాలుగోదానికి పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. అది ఒక మనిషితో ఆడుకోవడం చూసి ఎన్ని నెలలయిందో, మాటు వేసిన బిందె బేరం పోయిందన్న బాధ కూడా సగమే కలిగింది.

"మాట్లాడదా?" అన్నారు.

"జడుసుకుందండీ. కొల్లేట్లో దోనె బోల్తాపడి." నా చేతి సంగతి మినహాయించాను.

"సాయంత్రాలు నా దగ్గరికి పంపించండి. కాలవ గట్టు మీదే ఇల్లు. హార్మోనియం ఉంది."

అప్పుడు నాలో కొట్టువాడు నిద్ర లేచాడు.

"పంపిస్తే మాట వస్తుందాండీ?"

"చెప్పలేను."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"చెప్పలేను."

"నెలకి ఎన్ని పాటలు వస్తాయో, అదైనా..."

"మొదట్లో ఒక్కటీ రాదు."

"అమ్మగారూ, చూపించలేని సరుకుని ఇంత ధైర్యంగా అమ్మేవాళ్ళని నేను మిమ్మల్నే చూశాను."

"నేనేం అమ్మడం లేదండీ. బిందె కొనుక్కుందామని వచ్చాను."

"పోనీ, మా పాటలు నేర్పుతారా, మీ పాటలు నేర్పుతారా?"

"ముందు 'స' నేర్పుతాను. అది ఎవరిదో మీరు కనుక్కుని చెప్పండి, తర్వాతవి ఆలోచిద్దాం."

కొసరుగా బడి పద్యాలు కూడా చెబుతారా అని అడిగాను. సిగ్గు ఎక్కడ ఆగాలో మా నాన్నగారు నేర్పలేదు. ఆవిడ, "కొసరు మీరే ఇవ్వాలండీ. మీరు మొదట చెప్పిన ధరకే ఈ రెండో బిందె తీసుకెళ్తున్నాను. పాప చెప్పింది కదా," అని, మంచి బిందెని మాటు బిందె ధరకి పట్టుకుపోయారు. వెళ్తూ వెళ్తూ రెండు షరతులు పెట్టారు. నేర్పుతున్నప్పుడు ఎవరూ దగ్గర కూర్చుని వినకూడదు. ఇంట్లో పాడమని అడగకూడదు. దానికి పాడాలనిపిస్తే పాడుకుంటుంది, లేకపోతే లేదు.

అలాగేనండీ అన్నాను. మొదట ఒప్పుకున్న షరతులంటే తర్వాత బేరం ఆడుకోవడానికి ఉంచుకున్నవని నా లెక్క.

రోజూ సాయంత్రం కొట్టు మా ఆవిడకి అప్పగించి, పిల్లని తీసుకెళ్ళి ఆ గుమ్మంలో వదిలేవాణ్ణి. వినకూడదు కాబట్టి వంతెన దాటి అవతలి గట్టు మీద కూర్చునేవాణ్ణి. గాలి ఇటు తిరిగినప్పుడు హార్మోనియం ఒకటే మెట్టు మీద మూలుగుతూ వినిపించేది. మర్నాడూ అదే మెట్టు. ఆ వారమంతా అదే. ఒక నెల గడిచింది, రెండు గడిచాయి. కాలవలో పడవలు వెళ్తుండేవి, వస్తుండేవి. నా కాళ్ళు లాగేవి. పొద్దుటినుంచి నిలబడి అమ్మినవాణ్ణి, సాయంత్రం కూర్చుని ఒక్క 'స' కొంటున్నాను. ఈ బేరంలో నేను పూర్తిగా మునిగాను అనుకుని, మునిగాను అన్న మాట తోచినందుకు నోరు చేదయ్యేది.

ఒకరోజు ఉండబట్టలేక గుమ్మంలోనే అడిగేశాను.

"ఎన్నాళ్ళండీ ఈ ఒక్క అక్షరం? మిగతా ఆరూ ఎప్పుడు?"

"శెట్టిగారూ, మీకు భయమేస్తే ఊపిరి ఏమవుతుంది?"

"బిగబడుతుంది."

"పాప ఆ నీళ్ళలో బిగబట్టింది. ఇంకా పూర్తిగా వదల్లేదండి. 'స' పట్టుకుని నిలబడాలంటే ఊపిరి కొంచెం కొంచెంగా వదలాలి. వదిలినా ఏమీ అవ్వదని దానికి రోజూ కాస్త కాస్త తెలియాలి. నేను చేసేది అంతే. పాటలు తర్వాత."

ఆవిడ చాలా అలసిపోయినట్టు చెప్పారు. పగలంతా బళ్ళో నలభై మందికి చెప్పి వచ్చిన గొంతు అది. నేను వంతెన దాటి నా గట్టు మీదికి పోయాను.

తర్వాత ఒక సాయంత్రం పిల్ల ఆ ఇంట్లోంచి ఏడుస్తూ బయటికొచ్చింది. మామూలు ఏడుపు కాదు, గట్టున పోయే వాళ్ళు ఆగి చూసేంత ఏడుపు. నేను వంతెన మీద పరుగెత్తాను.

"ఏడిపించడానికా అండీ నేను పంపిస్తున్నది?"

"ఇది ఏడ్చి ఎన్నాళ్ళయిందో చెప్పండి," అన్నారావిడ.

పిల్లని ఎత్తుకున్నాను. బజారంతా ఏడుస్తూనే వచ్చింది. మా ఆవిడ ఆ గొంతు విని, చేతిలో గరిటె చేతిలోనే ఉండగా వీధిలోకి వచ్చి, పక్క కొట్టువాళ్ళకి శుభవార్త చెప్పినట్టు చెప్పింది: "ఏడుస్తోందండీ! మా అమ్మాయి గట్టిగా ఏడుస్తోంది!" అని, గుమ్మంలో కూలబడి తనూ ఏడ్చింది. వాళ్ళు మమ్మల్ని ఏమనుకున్నారో నేను అడగలేదు.

ఏడుపు వచ్చాక కోపం వచ్చింది. ఎదురింటి పిల్ల బొమ్మ లాక్కుంటే జుట్టు పట్టుకుంది. కోపం తర్వాత మాట వచ్చింది, మొదట వంటింట్లో, తర్వాత కొట్లో. తలకి నీళ్ళు పోస్తుంటే కళ్ళు మూసుకుని 'స' అంటూ, నీళ్ళు ఆగేదాకా పట్టుకునేదట. పిల్లల మనసు ఈ వరసలో తెరుచుకుంటుందని నాకెవరూ చెప్పలేదు. నేనైతే మాట ముందు రావాలనీ, ఏడుపూ కోపమూ అసలు రాకపోతే ఇంకా మంచిదనీ అనుకునేవాణ్ణి.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు.

ఒక పొద్దున కొట్టు తలుపులు తీస్తుంటే, పిల్ల మూల కూర్చుని చెంబులు తోముతూ తనలో తను పాడుకుంటోంది. మాటల్లేవు, స్వరాలే, పైకి వెళ్ళి కిందికి దిగుతున్నాయి. అదే సమయానికి ఉంగుటూరు నుంచి పెళ్ళివారు దిగారు. గంగాళాలు, గుండిగలు, బిందెలు, బండికి సరిపడా సామాను ఒక్క బేరంలో తీసుకెళ్ళారు. ఆ రోజు మా నాన్నగారు గూడెం నుంచి పాసింజరు బండిలో వచ్చి ఉన్నారు. ఆయన తలపాగా సర్దుకుని అన్నారు:

"ఒరేయ్, చూశావా? అది పాడింది, బోణీ అయింది. కొట్లో లక్ష్మి పాడుతోందిరా. రోజూ పాడించు."

బోణీ అంటే తెలియనివాళ్ళకి ఇది తమాషాగా ఉంటుంది. రోజుకి మొదటి బేరం అది. అది బాగుంటే రోజు బాగుంటుంది, పోతే రోజంతా పోయినట్టే. మంచి బోణీ అయిన రోజు ఏ చొక్కా వేసుకున్నామో, ఏ కాలు ముందు పెట్టామో, ఎవరి మొహం చూశామో గుర్తు పెట్టుకుని మర్నాడూ అలాగే చేస్తాం. మా నాన్నగారు ఒక మంచి బోణీ తర్వాత అదే ఉత్తరీయాన్ని చిరిగి పీలికలయ్యేదాకా వేసుకున్నారు. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, పాట తర్వాత పెళ్ళివారు దిగడం కళ్ళారా చూసినవాణ్ణి, ఊరుకుంటానా?

మర్నాడు, "ఏదమ్మా, నిన్నటిది పాడు," అన్నాను. నవ్వుతూనే అన్నాను. అదీ నవ్వుతూనే పాడింది. ఆ మర్నాడూ పాడింది. వారం గడిచేసరికి నా మాటలో నవ్వు పోయింది. తలుపులు తీయగానే, "ఊఁ, కానీ," అనేవాణ్ణి. పక్క కొట్లవాళ్ళు వచ్చి నిలబడేవారు. "మా కొట్లో కూడా ఒక ముక్క పాడి వెళ్ళమ్మా," అనేవారు. ఆవిడ పెట్టిన రెండో షరతు నాకు గుర్తులేక కాదు. ఇది ఇల్లు కాదు, కొట్టు కదా అని సర్దుకున్నాను. గుమ్మానికి ముందు కొట్టు, వెనక ఇల్లు.

పిల్ల గొంతు సన్నబడుతూ వచ్చింది. ఒక పొద్దున ఎవరో వచ్చి నిలబడ్డారు. అది నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది.

"పాడమ్మా, బేరం పోతుంది," అన్నాను.

అది లేచి, పెద్ద గంగాళం వెనక్కి వెళ్ళి కూర్చుంది. నేను వంగి చూశాను. మోకాళ్ళు దగ్గరగా లాక్కుని, నోరు బిగించుకుని ఉంది. కొల్లేటి నుంచి తెచ్చినరోజు మొహం అది. మర్నాటికీ మాట రాలేదు. ఆ వారానికీ రాలేదు. పంతులమ్మగారింటికి రమ్మంటే గుమ్మం పట్టుకుని కదల్లేదు.

నేనొక్కణ్ణే వెళ్ళాను. ఆవిడ హార్మోనియం ముందు కూర్చుని ఉన్నారు. జరిగింది చెప్పాను, నా పద్ధతిలో, సగం తప్పు బోణీ మీదికీ, పావు మా నాన్నగారి మీదికీ తోసి.

"మళ్ళీ 'స' నుంచి మొదలుపెట్టండమ్మా. ఈసారి ఎన్నాళ్ళని అడగను. పాటలూ అడగను. మీరు ఎంతంటే అంత."

"నా దగ్గర ఇంకేం లేదండీ శెట్టిగారూ. అది వదలడం నేర్చుకుంది. మీరు పట్టుకున్నారు."

బిందె సంగతి ఆవిడకి తెలియదు. వేళ్ళ మీద నిలబెట్టడం, ఒడిసి పట్టడం, అది మా వ్యాపార రహస్యం. అయినా నా చేతులు రెండూ ఒళ్ళో బరువుగా అనిపించాయి. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే దోనె సంగతి చెప్పేశాను. ఒకటే మోత అన్నది, మా ఆవిడ వద్దన్నది, చెయ్యి మూట మీదికి పోయినది.

ఆవిడ హార్మోనియం తిత్తిని ఊరికే ఆడిస్తూ ఉన్నారు. మెట్లు నొక్కలేదు, గాలి మాత్రం వచ్చి పోతోంది.

"ఇది నాకెందుకు చెబుతున్నారండీ?"

"మరెవరికి చెప్పనండీ?"

"బోణీకి పాడమన్నది ఎవర్ని?"

మర్నాడు పొద్దున తలుపులు తీయకుండా, కొట్లో పిల్ల పక్కన నేల మీద చతికిలబడ్డాను. అది చెంబు తోముతోంది. నేనూ ఒక చెంబు, కాస్త చింతపండు తీసుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. నలభై రకాల బేరాలు మొదలుపెట్టడం తెలిసినవాణ్ణి.

"ఆ రోజు దోనె ఒరిగినప్పుడు, నా చెయ్యి ముందు మూట మీదికి పోయిందమ్మా. నీ మీదికి రావలసింది."

అది తోమడం ఆపలేదు.

"తెలుసు," అంది. గుసగుస కన్నా కాస్త పెద్దగా.

"చూశావా?"

తల ఊపింది. కాసేపటికి, "మూట దొరికిందా?" అంది.

"దొరికింది."

"అన్నీనా?"

"అన్నీ. ఒక బిందెకి మాత్రం సొట్టపడింది. మాటు వేయించాను. నువ్వు వద్దన్నావే, అదే."

ఆలోచించింది. "అది ఎవరికీ అమ్మొద్దు."

"అమ్మను."

"చవగ్గా అడిగినా?"

"ఎలా అడిగినా."

"బోణీకి నేను పాడను."

"వద్దు."

"ఎవరొచ్చినా?"

"ఎవరొచ్చినా."

"తాతయ్య వచ్చినా?"

ఇక్కడ కాస్త ఆగాను. మా నాన్నగారి తలపాగా కళ్ళ ముందు కనబడింది. అది చెంబు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. బేరంలో అవతలివాడు ఎక్కడ తడబడతాడో అక్కడ చూపు నిలపాలని దానికి ఎవరూ నేర్పక్కర్లేదు, మా ఇంటి పిల్లే.

"తాతయ్య వచ్చినా."

"అయితే సాయంత్రం పంతులమ్మగారింటికి వెళ్తాను. నువ్వు అవతలి గట్టు మీదే కూర్చోవాలి."

ఒప్పుకున్నాను. నా జన్మలో ఒక్క రూపాయి, ఒక్క మాట తగ్గించమనకుండా ఒప్పుకున్న బేరం అదొక్కటే. లేచేసరికి మోకాళ్ళు పట్టేశాయి.

మళ్ళీ అవతలి గట్టు మీద నా సాయంత్రాలు మొదలయ్యాయి. అది ఎన్ని పాటలు నేర్చుకుందో, అవి ఎవరి పాటలో, నాకు ఈనాటికీ తెలియదు. అడగలేదు. ఎక్కడా పోటీలకి వెళ్ళలేదు, పతకాలు తేలేదు. నాలుగు రోజులకోసారి ఏడ్చేది, వారానికోసారి పోట్లాడేది, మళ్ళీ వీధిలో వాళ్ళని పిలవడం మొదలుపెట్టింది, కొనకపోయినా ఫర్వాలేదని కూడా కలిపి. భయమేసినప్పుడు ఎటు వెళ్ళాలో దానికొక దారి తెలిసింది. అందులోకి నేను వెళ్ళకూడదని నాకు తెలిసింది. సంగీతం వల్ల లాభమేమిటని అడిగేవాళ్ళకి ఇదంతా చెప్పడం మొదలుపెడితే, సగంలోనే వాళ్ళ కళ్ళు గడియారం మీదికి పోతాయి. వాళ్ళని తప్పుపట్టను. నేనైతే ఇంకా ముందే లేచిపోయేవాణ్ణి.

ఒక్క పొద్దుట సంగతి చెబుతాను. ఆ వానాకాలం చివర్లో అనుకుంటాను, పెంటపాడు నుంచి ఒక రైతూ ఆయన భార్యా వచ్చారు. ఇంకా బోణీ కాలేదు. ఆవిడ ఒక బిందె బాగుందంది. నేను దాన్ని వేళ్ళ కొసల మీద నిలబెట్టి, మెటిక ఎత్తాను. అప్పుడు వెనకింట్లోంచి పాట వినిపించింది. అది గంగాళం వెనక దాక్కున్న రోజు తర్వాత దాని పాట నా చెవిన పడడం అదే మొదలు. నూతి దగ్గర నీళ్ళు తోడుకుంటూ పాడుతోంది. నీళ్ళ చప్పుడు, మధ్యలో పాట.

నా మెటిక గాలిలో ఆగిపోయింది.

"ఎవరండీ పాడేది? భలే ఉందండీ గొంతు," అన్నాడు రైతు.

"ఏమోనండీ. పక్కింట్లో అనుకుంటాను."

"మీ ఇంట్లోంచే వస్తున్నట్టుందండీ."

"గాలి అటు నుంచి కదండీ."

ఆవిడ బిందె వంక చూసింది. "మోగించి చూపించరాండీ?"

"మంచి సరుకేనండీ. ఇంటికెళ్ళి చూసుకోండి."

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిందె మోగించి చూపించని ఇత్తడి కొట్టువాణ్ణి నేనైనా నమ్మను. "మళ్ళీ వస్తామండీ," అని మర్యాదగా చెప్పి, ఎదురు కొట్టువైపు నడిచారు. ఆ కొట్లో ఖంగున మోగిన చప్పుడు రోడ్డు దాటి వినబడింది.

నేను బిందెని చప్పుడు కాకుండా మళ్ళీ వరసలో పెట్టాను, మాటు వేసిన దాని పక్కన. గల్లాపెట్టె మూత నెమ్మదిగా వేసి, దాని మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా బోణీ కాలేదు.